‘మరియు బృందం’ అంటే ఎవరు?



పొద్దున్న కాఫీ పెట్టుకునేటప్పుడో, మధ్యాహ్నం పప్పు ఏరుకునేటప్పుడో మనలో చాలామందికి రేడియో పాట తోడుంటుంది. పాటకు ముందు అనౌన్సరు చెప్పే నాలుగు ముక్కలూ మనకు కంఠతా వచ్చు. చిత్రం ఫలానా, రచన ఫలానా, సంగీతం ఫలానా, గానం ఫలానా. అంతే. పల్లవికీ చరణానికీ మధ్య మన చేత చేటను పక్కన పెట్టించిన ఆ వేణువు ఎవరు ఊదారు? ఆ గిటారు ఎవరు వాయించారు? ఆ సంగతి చెప్పరు. మనమూ అడగం.

శాస్త్రీయ సంగీత కచేరీకి వచ్చేసరికి పద్ధతి మారుతుంది. వయొలిన్ సహకారం ఎవరో, మృదంగం ఎవరో, ఘటం ఎవరో పేరు పేరునా చెబుతారు. పక్కవాద్యం లేకపోతే కచేరీ లేదని అక్కడ అందరూ ఒప్పుకున్నారు కాబట్టి ఆ మర్యాద నిలిచింది. ఇక జానపద గీతాల వంతు వచ్చేసరికి ఏమంటారో గుర్తు చేసుకోండి. “గానం ఫలానా వారు మరియు బృందం.” ఆ ‘బృందం’లో నలుగురున్నారో పదిమంది ఉన్నారో, డోలు కొట్టినది ఎవరో, తాళం వేసినది ఎవరో, అన్నీ ఆ ఒక్క మాటలో కలిసిపోతాయి.

ఇదేమంత పెద్ద విషయమా అంటారేమో. మన ఇళ్లలో వచ్చే శుభలేఖలు ఒకసారి తీసి చూడండి. ఆహ్వానించేవారు శ్రీ ఫలానా గారు, కింద ‘మరియు కుటుంబ సభ్యులు’. నెలరోజులుగా పసుపు కొట్టించి, పిండివంటలు చేయించి, ఎవరికి ఏ చీర పెట్టాలో లెక్కలు వేసి, వియ్యపురాలి అలక తీర్చిన ఇల్లాలు ఎక్కడుంది? ఆ ‘మరియు’ తరవాతే ఉంది. కాబట్టి ఆ మాట వెనక నిలబడడమంటే ఏమిటో మనకు ఒకరు విడమరిచి చెప్పక్కరలేదు. ఈ వేళ ఆ మాట వెనక ఉన్న వాద్యగాళ్ల గురించే మాట్లాడుకుందాం. ముఖ్యంగా మన భద్రాచలం అడవుల్లో, చర్ల వైపు, డోలు పట్టుకుని నిలబడినవాళ్ల గురించి.

అక్కడికి వెళ్లేముందు ఒక్కసారి సముద్రం దాటి వద్దాం. ఈ కథ మనదొక్కటే కాదని తెలియడానికి.

అమెరికాలో పల్లెవాళ్ల పాట ఒకటుంది. దాన్ని కంట్రీ మ్యూజిక్ అంటారు. పొలం పనులు, రైలు ప్రయాణాలు, విడిపోయిన ఆలుమగలు, ఇల్లు వదిలి వెళ్లిన కొడుకులు, ఇవీ అందులో విషయాలు. ఈ పాటల్లో గాయకుడి గొంతు వెనక ఏడుస్తున్నట్టు జారే ఒక నాదం వినిపిస్తుంది. అదే స్టీల్ గిటార్. మామూలు గిటారులా గుండెకు ఆనించుకుని వాయించరు. ఒళ్లోనో బల్లమీదో పడుకోబెడతారు. ఎడమచేతి వేళ్లతో తీగ నొక్కడానికి బదులు ఒక ఉక్కు ముక్కను తీగలమీద జారుస్తారు. మన గోటువాద్యం చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. అక్కడ వాద్యగాడి చేతిలో నున్నటి కొయ్యముక్క, ఇక్కడ ఉక్కు. రెంటిలోనూ స్వరం నుంచి స్వరానికి మెట్లెక్కినట్టు కాకుండా ఉయ్యాల ఊగినట్టు వెళ్లవచ్చు. మనిషి గొంతుకు అంత దగ్గరగా పలకడానికి కారణం అదే.

ఈ పద్ధతిని పందొమ్మిదో శతాబ్దం చివర హవాయి ద్వీపాల్లో జోసెఫ్ కెకుకు అనే బడిపిల్లవాడు తీర్చిదిద్దాడని చెబుతారు. హవాయి కళాకారులే దాన్ని లోకమంతా తిప్పారు. టావ్ మో అనే హవాయి కళాకారుడు తన కుటుంబంతో 1940లలో కొన్నేళ్లు కలకత్తాలో ఉండి అక్కడివాళ్లకు ఈ వాద్యం నేర్పాడు. అలా అది మన దేశపు సినిమా పాటల్లోకీ వచ్చింది. పాత పాటల్లో వెన్నెల సీను రాగానే జారిపోయే ఆ గిటారును మీరంతా విన్నదే. దాన్నే మనవాళ్లు హవాయన్ గిటార్ అన్నారు.

అమెరికా పల్లెపాటకు పెద్ద పేరు తెచ్చినవాడు హాంక్ విలియమ్స్. 1953 జనవరి 1న, ఇరవైతొమ్మిదేళ్లకే పోయాడు. ఆయన రికార్డుల మీద ఆయన పేరు, కింద ‘డ్రిఫ్టింగ్ కౌబాయ్స్’ అని బృందం పేరు ఉండేవి. ఆ బృందంలో స్టీల్ గిటార్ వాయించినవాడు డాన్ హెల్మ్స్. హాంక్ పాడడం ఆపగానే ఆ వాక్యాన్ని హెల్మ్స్ గిటారు అందుకుంటుంది. గాయకుడి గొంతు కింద నలిగిపోకుండా, పై స్థాయి స్వరాల్లో వాయించమని రికార్డింగు చూసే ఫ్రెడ్ రోజ్ ఆయనకు సలహా ఇచ్చాడు. ఆ సన్నటి కేకలాంటి నాదం వినగానే ఇది హాంక్ పాట అని జనం గుర్తుపట్టేవారు. అంటే, పాటను గుర్తుపట్టించింది హెల్మ్స్ చెయ్యి, పేరు మాత్రం హాంక్‌ది. హెల్మ్స్ 2008 వరకు బతికాడు. హాంక్ పోయాక యాభై అయిదేళ్లు.

చివరికి ఆ వాద్యగాళ్లే ఒక పని చేశారు. 1970లలో సెయింట్ లూయిస్ నగరంలో ఏటా కలుసుకోవడం, తమలో గొప్పవాళ్ల పేర్లు ఒక గౌరవ జాబితాలో చేర్చుకోవడం మొదలుపెట్టారు. 1932లో కన్నుమూసిన జోసెఫ్ కెకుకు పేరు ఆ జాబితాకు 1993లో ఎక్కింది. అరవైయొక్క సంవత్సరాలు పట్టింది. అయినా ఎక్కింది. ఎందుకు ఎక్కగలిగింది? ఎవరో ఒకరు ఆ పేరు రాసిపెట్టారు కాబట్టి. ఈ సంగతి మనసులో పెట్టుకుని ఇప్పుడు మన అడవికి వద్దాం.

భద్రాచలంలో రామయ్య దర్శనం చేసుకుని చాలామంది పర్ణశాల వరకు వెళ్లి వెనక్కు తిరుగుతారు. ఆ దారిలోనే ముందుకు వెళితే, దుమ్ముగూడెం దాటాక, భద్రాచలానికి సుమారు 60 కిలోమీటర్ల దూరంలో చర్ల వస్తుంది. ఒక పక్క గోదావరి, ఒక పక్క అడవి. పైనుంచి తాలిపేరు వాగు దిగి వచ్చి గోదావరిలో కలుస్తుంది. అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. చుట్టూ ఉన్న గూడేలు ఎక్కువగా కోయలవి. వాళ్ల భాష మన తెలుగుకు చుట్టం, గోండికి ఇంకా దగ్గర చుట్టం. మాట్లాడడానికి ఉంది గాని, మన అక్షరాల్లాగా ఇంటింటా చదివి రాసే లిపి దానికి వాడుకలో లేదు. ఈ ఒక్క సంగతీ గుర్తుంచుకుంటే తక్కినది సులువుగా అర్థమవుతుంది. రాత లేని చోట జ్ఞాపకమంతా పాటలో ఉంటుంది. పాటను నిలబెట్టేది వాద్యం.

కోయ గూడెంలో పండగలు మనలాగా తిథుల వెంట కాకుండా పంటల వెంట నడుస్తాయి. విత్తనాలు చల్లేముందు ఒకటి, కొత్త ధాన్యం వచ్చినప్పుడు ఒకటి, ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఒకటి. ఆడవాళ్లు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని అర్ధచంద్రంలా నిలబడి రేల పాటలు పాడుతూ ఆడతారు. రేల అంటే ఎండాకాలంలో పసుపుపచ్చటి గుత్తులతో పూసే చెట్టు. పట్నం రోడ్ల పక్కన కూడా చూస్తూనే ఉంటారు. మగవాళ్లు అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు కట్టిన తలపాగాలతో, మెడకు పెద్ద పెద్ద డోళ్లు తగిలించుకుని ఎదురెదురుగా దూకుతూ ఆడతారు. అదే కొమ్ము నాట్యం. అడవిదున్నను వేటాడడం 1972 వన్యప్రాణి చట్టంతో నేరమైంది గనుక, పెద్దలనాటి కొమ్ములు ఉన్నవాళ్లు వాటిని ఇంట్లో బంగారంలా దాచుకుంటారు.

మనం టీవీలో చూసేది ఈ కొమ్ములే. ముఖ్యమంత్రులు వచ్చినప్పుడు, కలెక్టరాఫీసు ఉత్సవాల్లో, ఢిల్లీ కవాతుల్లో అతిథిని తీసుకువచ్చేటప్పుడు ముందు నడిచేది వీళ్లే. మైకులో మాత్రం ‘మన గిరిజన సోదరుల సంప్రదాయ నృత్యం’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటారు. ఫోటోలో కొమ్ములు బాగా పడతాయి. మనిషి మొహం మీద నీడ పడుతుంది.

ఈ కోయల్లోనే ఒక శాఖవారున్నారు. వారిని డోలీలంటారు, కోయడోలీలంటారు. డోలు వాయించడమే కాదు, కోయల వంశాల కథలు చెప్పడం వీళ్ల పని. మన గోత్రాల్లాగా కోయలకు గట్లున్నాయి. మూడో గట్టు, నాలుగో గట్టు, అయిదో గట్టు, అలా ఏడో గట్టు వరకు. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వాళ్లలో వాళ్లకు పెళ్లిళ్లు కుదరవు. ఏ ఇంటిపేరు ఏ గట్టుకు చెందుతుంది, ఏ గట్టుకు వేల్పు ఎవరు, ఆ వేల్పు ఎక్కడ పుట్టి ఏ ఏరు దాటి ఏ కొండ మీద వెలిసింది, ఈ వివరమంతా డోలీ నోట ఉంటుంది. వేల్పుల కొలుపులకు, జాతరలకు, పెద్దలు పోయినప్పుడు జరిపే కర్మలకు డోలీ రావాలి. వచ్చి డోలు వాయించి, పోయినవారి వంశం ఎక్కడ మొదలైందో చెప్పాలి.

ఇంకో మాటలో చెప్పాలంటే, మన ఊళ్లో కరణంగారి దస్త్రం, పురోహితుడి పంచాంగం, తాతగారి డైరీ, ఈ మూడూ కలిసి ఒక మనిషిలో ఉంటే ఆయన కోయడోలీ. ఆయన దగ్గర పడిగె ఉంటుంది. అది త్రికోణాకారపు గుడ్డ. దానిమీద వేల్పుల బొమ్మలు, గుర్తులు ఉంటాయి. చూసేవాళ్లకు జెండాలా కనబడుతుంది గాని డోలీకి అది పుస్తకం. ఒక్కొక్క బొమ్మా చూపిస్తూ ఒక్కొక్క ఘట్టం పాడతాడు. పక్కన డోలు, కంచు తాళాలు, ‘అక్కుం’ అనే ఊదే వాద్యం. దీన్నే తూతకొమ్ము అని కూడా అంటారు.

మరి ఇందులో పక్కవాద్యగాడి పని ఏమిటి? ఊరికే చప్పుడు చేయడమేనా? కానే కాదు. ఇది మనకు బాగా తెలిసిన బుర్రకథతో పోల్చి చూస్తే తేటపడుతుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారి పేరు వినని తెలుగువారు తక్కువ. 1986లో పద్మశ్రీ వచ్చింది. కథకుడు మధ్యన తంబురా పట్టుకుని చేతి అందెలు మోగిస్తూ కథ చెబుతుంటే, రెండు పక్కలా డక్కీలతో ఇద్దరు వంతలుంటారు. కథకుడు గుక్క తిప్పుకోవడానికి ఆ ఇద్దరి వంతపాటే ఊపిరి. ఒకరు హాస్యం చెబుతారు, ఇంకొకరు నేటి రాజకీయం కలుపుతారు. జనానికి అర్థం కాలేదనిపిస్తే, తమకే అర్థం కానట్టు నటిస్తూ కథకుణ్ణి ప్రశ్న అడుగుతారు. ఆ జవాబుతో మనకు కథ విడిపోతుంది. వంతలు లేని బుర్రకథ పోపు లేని చారు. అయినా బుర్రకథ అనగానే నాజర్ గారు గుర్తొస్తారు గాని, ఆయన ఎడమ పక్కన నిలబడ్డ మనిషి పేరు చెప్పమంటే మనం తడుముకుంటాం.

డోలీ కథకూ అంతే. రాత్రంతా సాగే కథలో చెప్పేవాడు మాట మరిచిపోతే వెనకవాడు అందిస్తాడు. యుద్ధ ఘట్టంలో డోలు నడక పెరుగుతుంది, చావు దగ్గర కుంగుతుంది. అంటే కథ ఒకడి బుర్రలో కాకుండా నలుగురి చేతుల్లో, నలుగురి గొంతుల్లో పంచి ఉంటుంది. ఆ నలుగురిలో ఒకరు పోతే కథలో ఒక భాగం పోయినట్టే.

ఈ డోలీల్లో లోకానికి తెలిసిన పేరు సకిని రామచంద్రయ్య గారిది. చర్లకు గోదావరి అవతలి ఒడ్డున మణుగూరు ప్రాంతం ఉంది. అక్కడి కూనవరం ఆయన ఊరు. శబరి, గోదావరి కలిసే కూనవరం అనుకునేరు, అది వేరు. సమ్మక్క సారలమ్మల కథను, కోయ వీరుల కథలను డోలు మీద పాడి వినిపించేవారు. కోయ భాషలోనూ తెలుగులోనూ చెప్పగలిగేవారు. 2022లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. పురస్కారం వచ్చాక రెండేళ్ల చిల్లర మాత్రమే ఉన్నారు.

అదే 2022లో పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి కూడా పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు ఏడాది ఒక సినిమా పాట మొదట్లో ఆయన గొంతు వినిపించి ఊరూవాడా తెలిసిపోయారు. 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్ద వాసి, బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్ప గారికి వచ్చింది. సంతోషించవలసిన సంగతులే. కాని ఒక తేడా గమనించండి. కిన్నెర, బుర్రవీణ వాయించేవాడు తన పాటకు తానే వాద్యం. పేరు ఒకరిది, పాటా ఒకరిదే. డోలు అలా కాదు, అది పదిమందిలో పలికేది. పద్మ పురస్కారం మనిషికి ఇస్తారు, బృందానికి ఇవ్వరు. కనుక రామచంద్రయ్య గారి పేరు చరిత్రకు ఎక్కింది. ఆయన పక్కన తాళం వేసినవాళ్లు, తూతకొమ్ము ఊదినవాళ్లు ‘బృందం’లోనే ఉండిపోయారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. మనం పేరు అడిగే పద్ధతిలోనే ఉంది లోపం.

ఇది ఇవాళ్టి అలవాటు కాదు. 1870, 80లలో దుమ్ముగూడెంలో ఉన్న జాన్ కెయిన్ అనే క్రైస్తవ మతబోధకుడు కోయల ఆచారాల గురించి పత్రికల్లో రాశాడు. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అచ్చువేసిన ఏడు సంపుటాల దక్షిణ భారత కులాల గ్రంథంలో కోయల అధ్యాయానికి ఆ రాతలు బాగా ఉపయోగపడ్డాయి. నూరేళ్లు దాటినా పరిశోధకులు వాటిని తిరగేస్తూనే ఉంటారు. ఆచారం ఉంటుంది, ఆట ఉంటుంది. ఆడినవాడికి, వాయించినవాడికి పేరుండదు. అప్పుడు ‘కోయవాళ్లు’ అని రాశారు, ఇప్పుడు ‘గిరిజన కళాకారులు’ అంటున్నాం.

మన కాలంలో ఆ లోటు తీర్చడానికి పూనుకున్నవారూ ఉన్నారు. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు ఎన్నో ఏళ్లుగా గూడేలు తిరిగి కోయడోలీల నోటి కథలు, పడిగెలు, పాత వాద్యాలు సేకరించారు. ఆచార్య గూడూరు మనోజ గారితో కలిసి ‘ఆద్యకళ’ పేరుతో వాటిని జనానికి చూపించారు. ఒక వాద్యం మ్యూజియం అద్దాల వెనక భద్రంగా ఉండడం మంచిదే. కాని డోలు మాట్లాడాలంటే దాన్ని కొట్టే చెయ్యి కావాలి. ఆ చేతికి పని కావాలి.

ఆ పని ఎందుకు తగ్గుతోందో కూడా చూద్దాం. డోలీకి జీతం లేదు, ఆఫీసు లేదు. తన గట్టు ఇళ్లే ఆయనకు ఆధారం. ఆ ఇళ్లు ఒక్క ఊళ్లో ఉండవు. గోదావరికి ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా, అడవి అవతలా చెదిరి ఉంటాయి. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండి, అప్పుడు ఖమ్మం జిల్లాలో కలిశాయి. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం ముంపు కారణంగా కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. 2016లో జిల్లాలు చీల్చినప్పుడు చర్ల భద్రాద్రి కొత్తగూడెంలో పడింది, పొరుగునున్న వెంకటాపురం ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది. కాగితం మీద గీత గీసినవాళ్లకు అది పరిపాలన. డోలీకి మాత్రం తన ఇళ్లు రెండు మూడు ప్రభుత్వాల కింద పంచుకుపోవడం. నీళ్లు వచ్చి గూడెం లేచిపోతే, వేల్పు గద్దె ఒక చోట, కొలిచేవాళ్లు ఒక చోట. అప్పుడు డోలీ ఎవరి ఇంటికి వెళ్లి ఏ కథ చెప్పాలి?

ఇంక పిల్లల సంగతి. మిరపకాయల కోతకు వెళితే ఆ సాయంత్రమే కూలి డబ్బు చేతికి వస్తుంది. రాత్రంతా కథ నేర్చుకుంటే ఏమీ రాదు. పెళ్లిళ్లకు డీజే పెట్టెలు వచ్చాయి. వాటి ముందు పది డోళ్లు కొట్టినా వినబడవు. కొడుకు ‘నాన్నా, నాకెందుకీ డోలు’ అంటే తండ్రి ఏం చెప్పగలడు? కనీసం ‘నీ పేరు నలుగురూ చెప్పుకుంటారురా’ అనైనా అనగలగాలి కదా. ఆ ఒక్క మాట కూడా అనే వీలు లేకుండా చేసింది మన ‘మరియు బృందం’.

అడవికి ఎంతో దూరంలో, పట్నంలో అపార్టుమెంటులో కూర్చున్నవాళ్లం, మనం ఏం చేయగలం అనకండి. పెద్ద పనులు కావు గాని, మన చేతిలో ఉన్నవి కొన్ని చెబుతాను.

పిల్లల బడి వార్షికోత్సవానికో, కాలనీ బతుకమ్మకో, ఇంట్లో పెళ్లి ఊరేగింపుకో జానపద బృందాన్ని పిలిచినప్పుడు, బేరం ఆడేటప్పుడే అందరి పేర్లూ అడిగి కాగితం మీద రాసుకోండి. ఎవరు ఏ వాద్యమో పక్కన రాయండి. మైకు పట్టుకున్న అబ్బాయికి ఆ కాగితం ఇచ్చి చదివించండి. పదిమంది పేర్లు చదవడానికి ఒక నిమిషం పట్టదు. వక్తల పరిచయానికి అరగంట ఇచ్చేవాళ్లం, దీనికి ఒక నిమిషం ఇవ్వలేమా?

శాలువా ఒక్కటే ఉంటే నాయకుడికి కప్పి ఊరుకోకండి. తక్కినవాళ్లకు తువాళ్లు అయినా ఇవ్వండి. భోజనాల దగ్గర అతిథుల వరసలోనే విస్తరి వేయించండి. డబ్బు మధ్యవర్తి చేతిలో పెట్టి చేతులు దులుపుకోక, ఎంతమందికి ఎంతో తేల్చి ఇవ్వండి.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ సెల్‌ఫోన్లున్నాయి. మేడారం జాతరకు వెళతాం. రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే ఆ జాతరలో సమ్మక్కను చిలకలగుట్ట నుంచి, సారలమ్మను కన్నెపల్లి నుంచి గద్దెకు తెచ్చేటప్పుడు డోళ్ల చప్పుడు వింటాం, వీడియో తీస్తాం, చుట్టాలకు పంపుతాం. ఆ వీడియో కింద ‘సూపర్’ అని రాసే బదులు, వీలైతే వాయించినవారి దగ్గరకు వెళ్లి ఒక్క మాట అడిగి పేరు, ఊరు, వాద్యం పేరు, తేదీ రాయండి. మీకు ఎవరు నేర్పారు అని కూడా అడగండి. ఆ ప్రశ్నతో ఇంకో పేరు బయటికి వస్తుంది. తీసేముందు మాత్రం అనుమతి అడగాలి సుమా. కర్మకాండల దగ్గర, వేల్పుల గదుల దగ్గర వద్దంటే ఫోను సంచీలో పెట్టేయాలి. మన పూజగదిలోకి ఎవరైనా చెప్పులతో వస్తే మనకు ఎలా ఉంటుందో ఇదీ అంతే.

భద్రాచలం వెళ్లినప్పుడు పిల్లలకు గుడి చూపించినట్టే, ఈ చుట్టుపట్ల ఎవరుంటారో, ఏ భాష మాట్లాడతారో చెప్పండి. ‘అడవివాళ్లు’ అనే మాట పిల్లల నోట రానివ్వకండి. కోయలు అని చెప్పండి. డోలీ అంటే ఎవరో చెప్పండి. పేరు తెలిసిన మనిషిని పిల్లలు చులకనగా చూడరు.

రేడియో వినే అక్కచెల్లెళ్లు ఇంకో పని చేయవచ్చు. కేంద్రానికి ఒక కార్డు రాయండి. జానపద కార్యక్రమంలో వాద్యకారుల పేర్లు కూడా చెప్పమని అడగండి. శాస్త్రీయ సంగీతానికి ఇచ్చే మర్యాదే ఇది, కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. నలభై కార్డులు వెళితే తప్పకుండా ఎవరో ఒకరు పట్టించుకుంటారు.

చర్ల దారిలో ఏ గూడెంలోనో ఈ ఏడు కూడా కొత్త ధాన్యం పండగకు డోలు మోగుతుంది. కొట్టే చేతులకు రేపు ఎవరు వారసులో తేల్చవలసింది ఆ ఇళ్లవాళ్లే. వాళ్లకు మనం చెయ్యగలిగిన సాయం ఒకటే, విన్నప్పుడు “ఎవరండీ వాయించింది?” అని అడగడం, చెప్పిన పేరు మరిచిపోకుండా రాసుకోవడం. ఆ కాగితం మన చీటీపద్దుల పుస్తకంలో ఉన్నా ఫరవాలేదు. పేరంటూ రాసి ఉంటే, ఎప్పటికైనా వెతికేవాళ్లకు దొరుకుతుంది.

సెలవు.